సల్ఫా పడదంటే గంధకం కూడా పడదా? సల్ఫా మందుల కెమిస్ట్రీ, వాటిలోని విషం

ఈ ఎపిసోడ్ ఒక మెసేజ్ వల్ల పుట్టింది. పంపింది మన కడియపులంక వైపు కుర్రాడే. "అన్నా, మా నాన్నకి ఆసుపత్రి చీటీ మీద సల్ఫా ఎలర్జీ అని ఎర్ర పెన్నుతో రాసిచ్చారు. మాది గులాబీల నర్సరీ. బూడిద తెగులుకి గంధకం కొట్టాలి. నాన్నని కొట్టనివ్వొచ్చా? మైలతుత్తం ముట్టుకోవచ్చా? అసలు కోడిగుడ్డులో కూడా సల్ఫర్ ఉంటదంట కదా, అదీ మాన్పించాలా?" అని అడిగాడు.

మూడు ప్రశ్నలూ బాగున్నాయి. నేను డాక్టర్ని కాదు, బీటెక్ చేసి కొన్నేళ్లు హైదరాబాద్‌లో కోడ్ రాసుకుని ఇటు వచ్చినోణ్ణి. కాబట్టి మీ నాన్నగారికి ఏ మాత్ర వేయాలో నేను చెప్పను. సల్ఫా అంటే ఏంటి, అది ఒంట్లో ఏం చేస్తది, ఎక్కడ దెబ్బ కొడతది అనేది మాత్రం చెప్తాను.

ముందు జవాబు చెప్పేస్తా, తర్వాత కారణం. సల్ఫా ఎలర్జీకీ గంధకానికీ సంబంధం లేదు. మైలతుత్తానికీ లేదు. గుడ్డుకి అస్సలు లేదు. మీ నర్సరీ స్టోర్ రూమ్‌లో ఉన్న 80 శాతం సల్ఫర్ పొడి ఉత్త మూలకం, పసుపు రంగు గంధకం. మైలతుత్తం అంటే కాపర్ సల్ఫేట్, రాగికి సల్ఫేట్ కలిసిన లవణం. జింక్ సల్ఫేటూ అంతే, లోహం మారిందంతే. గుడ్డులో సల్ఫర్ అమైనో ఆమ్లాల్లో ఉంటది, అది మన జుట్టులో కూడా ఉంది, గోళ్లలో కూడా ఉంది. సల్ఫర్ పడని మనిషి అంటూ ఉంటే ఆ మనిషికి సొంత జుట్టే పడకూడదు.

అలాగని మాస్క్ లేకుండా గంధకం కొట్టమని కాదు. ఆ దుమ్ము కళ్లల్లో పడితే మంట, ఊపిరితిత్తుల్లోకి పోతే దగ్గు. మైలతుత్తం పొరపాటున మింగితే ప్రాణం మీదకొస్తది. అది ఎలర్జీ కాదు, అందరికీ ఒకేలా ఉండే విషం. ఎలర్జీ అంటే ఒకరికి వచ్చి పక్కవాడికి రానిది. ఈ తేడా మైండ్‌లో పెట్టుకోండి, చివరిదాకా పనికొస్తది.

మరి సల్ఫా అంటే ఏంటి? దాని పూర్తి పేరు సల్ఫోనమైడ్. ఇది ఒక మూలకం కాదు, ఒక ఆకారం. ఆరు కార్బన్ల రింగు ఒకటి ఊహించుకోండి, బెంజీన్ రింగు, ఇంటర్‌లో గీసిందే. దానికి ఒక చివర అమైనో గుంపు, అంటే ఒక నైట్రోజన్, రెండు హైడ్రోజన్లు. సరిగ్గా ఎదురు చివర ఒక సల్ఫర్, దానికి రెండు ఆక్సిజన్లు, ఇంకో నైట్రోజన్. అంతే. దీని పేరు సల్ఫానిలమైడ్. 1908లో వియన్నాలో పాల్ గెల్మో అనే విద్యార్థి తన థీసిస్ కోసం దీన్ని తయారుచేశాడు. రంగుల పరిశ్రమకి పనికొస్తదని అనుకున్నారు. ప్రాణాలు కాపాడే మందు అని ఎవరికీ తెలీదు. దాదాపు పాతికేళ్లు అది అలాగే పడి ఉంది.

1932లో జర్మనీలో బేయర్ ల్యాబ్‌లో గెర్హార్డ్ డోమాక్ అనే డాక్టర్, ఇద్దరు కెమిస్టులు తయారుచేసిన ఒక ఎర్ర రంగుని ఎలుకల మీద పరీక్షించాడు. స్ట్రెప్టోకాకస్ బాక్టీరియా ఎక్కించిన ఎలుకలు, చావాల్సినవి, బతికాయి. ఆ రంగు పేరు ప్రొంటోసిల్. 1935లో పేపర్ అచ్చయింది. ఆ ఏడాదే ఆయన సొంత కూతురికి చేతిలో సూది గుచ్చుకుని చీము పట్టింది, చెయ్యి తీసేయాలన్నారు డాక్టర్లు. ప్రొంటోసిల్ ఇస్తే చెయ్యీ మిగిలింది, పిల్లా మిగిలింది. 1939లో నోబెల్ ఇచ్చారు, హిట్లర్ ప్రభుత్వం తీసుకోనివ్వలేదు. యుద్ధం అయ్యాక 1947లో పతకం ఇచ్చారు గానీ అప్పటికి డబ్బు మురిగిపోయింది.

ఇక్కడ ఒక తమాషా ఉంది. ప్రొంటోసిల్‌ని గాజు గొట్టంలో బాక్టీరియా మీద పోస్తే ఏమీ అవ్వదు. ఎలుకలో మాత్రం పనిచేస్తది. ఎందుకు? పారిస్‌లో పాస్చర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 1935లోనే పట్టేశారు. ఒంట్లోకి వెళ్లాక ఆ ఎర్ర రంగు అణువు మధ్యకి విరిగిపోతది. విరిగి వచ్చే ముక్కే అసలు మందు. ఆ ముక్క ఏంటి? మన గెల్మో 1908లో చేసిన సల్ఫానిలమైడ్! దాని పేటెంట్ గడువు ఎప్పుడో అయిపోయింది. ఇంక ఎవరైనా తయారుచేసుకోవచ్చు. చేశారు కూడా, ఆ సంగతికి ఒక విషాదం ఉంది, కాసేపట్లో వస్తా.

ఇప్పుడు అది బాక్టీరియాని ఎలా ఆపుతది? 1940లో ఇంగ్లండ్‌లో డొనాల్డ్ వుడ్స్ అనే ఆయన చూసింది ఏంటంటే, సల్ఫా వేసిన బాక్టీరియాకి పాబా అనే చిన్న పదార్థం కలిపితే సల్ఫా పనిచేయడం మానేస్తది. పారా అమైనో బెంజోయిక్ ఆమ్లం, ముద్దుగా పాబా. బొమ్మ గీసి చూస్తే పాబా, సల్ఫానిలమైడ్ అన్నదమ్ముల్లా ఉంటాయి. అదే రింగు, అదే అమైనో గుంపు. రెండో చివర మాత్రం ఒకదానికి కార్బన్ ఆమ్లం, ఇంకోదానికి సల్ఫర్ గుంపు.

బీటెక్ చదివినోళ్లకి వెంటనే అర్థమయ్యేలా చెప్తా. ప్రాక్సీ అటెండెన్స్. పాబా రోల్ నంబర్ పిలిచినప్పుడు సల్ఫా లేచి "ప్రెజెంట్ సార్" అంటది. సీట్లో కూర్చుంటది. సార్ నమ్ముతాడు. కానీ ల్యాబ్‌లో పని చేయమంటే దానికి రాదు. క్లాసులో అందరూ ప్రాక్సీలే అయితే ప్రాజెక్ట్ ముందుకెళ్లదు. ఇక్కడ సార్ అంటే బాక్టీరియాలోని ఒక ఎంజైమ్. ఇంకో సంగతి, నిజం పాబా గుంపుగా వస్తే ప్రాక్సీలు ఓడిపోతాయి. చీము గడ్డలో సల్ఫా సరిగ్గా పనిచేయకపోవడానికి ఇదో కారణం. చచ్చిన కణాల నుంచి పాబా లాంటి సరుకు అక్కడ బోలెడు ఉంటది. అందుకే చీము ముందు బయటికి తీయాలంటారు.

సరే, బాక్టీరియాకి పాబా ఎందుకు కావాలి? 1940లో ఆ ప్రశ్నకి పూర్తి జవాబు లేదు. ఆ జవాబు దొరకడంలో మన గోదావరి జిల్లాల మనిషి ఉన్నాడండీ. ఎల్లాప్రగడ సుబ్బారావు గారు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. స్కూలు చదువు కొంత మన రాజమండ్రిలోనే. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టుకుని వెళ్లినందుకు ప్రొఫెసర్‌కి కోపం వచ్చి, ఎంబీబీఎస్ బదులు చిన్న డిగ్రీ ఎల్‌ఎంఎస్‌తో సరిపెట్టారు. 1923లో అమెరికా వెళ్లారు, హార్వర్డ్‌లో పనిచేశారు, 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీ ల్యాబ్‌కి మారారు. స్ప్రూ అనే జబ్బు, తిన్నది ఒంటికి పట్టక రక్తం తగ్గిపోయి మనిషి క్షీణించే జబ్బు, ఆయన సొంత అన్నని తీసుకుపోయింది. ఆ జబ్బులో లోపించే వస్తువు మీద ఆయన టీమ్ ఏళ్ల తరబడి పనిచేసింది. అదే ఫోలిక్ యాసిడ్. 1945లో దాన్ని ల్యాబ్‌లో తయారుచేసినట్టు ప్రకటించారు, 1946లో నిర్మాణం పూర్తిగా బయటపెట్టారు.

ఆ నిర్మాణంలో ఏముందో తెలుసా? మూడు ముక్కలు. ఒక పక్క టెరిన్ అనే జంట రింగు, ఇంకో పక్క గ్లుటమిక్ ఆమ్లం. మధ్యలో పాబా! అప్పుడు కథ మొత్తం అతుక్కుంది. బాక్టీరియా ఫోలిక్ యాసిడ్‌ని సొంతంగా వండుకుంటది, దానికి పాబా సరుకు. సల్ఫా ఆ సరుకు స్థానంలో దూరి వంట ఆపేస్తది. ఫోలేట్ లేకపోతే డీఎన్‌ఏకి కావాల్సిన ముక్కలు తయారవ్వవు, బాక్టీరియా రెండుగా చీలలేదు. అంటే సల్ఫా బాక్టీరియాని చంపట్లేదు, పెరగకుండా ఆపుతోంది. మిగతా పని మన ఒంట్లోని తెల్లకణాలది.

మరి మనకెందుకు ఏమీ అవ్వదు? మనం ఫోలేట్ వండుకోలేం. ఆ ఎంజైమే మనకి లేదు. తోటకూర తింటాం, పాలకూర తింటాం, పప్పు తింటాం, రెడీమేడ్‌గా తీసుకుంటాం. అసలు ఆ పేరే లాటిన్‌లో ఆకు అనే మాట నుంచి వచ్చింది, 1941లో పాలకూర ఆకుల నుంచి తీసి ఆ పేరు పెట్టారు. మొక్కలు మాత్రం బాక్టీరియాలాగే సొంతంగా వండుకుంటాయి. అందుకే అసులామ్ అనే ఒక కలుపు మందు మొక్కలో సరిగ్గా ఇదే ఎంజైమ్‌ని ఆపి చంపుతది. నర్సరీ వాళ్లకి ఇది నచ్చుతదని చెప్పా.

ఈ రోజుల్లో సల్ఫా ఒంటరిగా తక్కువ, జంటగా ఎక్కువ. కో-ట్రైమోక్సజోల్ అని వినుంటారు. సల్ఫామెథాక్సజోల్ 800 మిల్లీగ్రాములు, ట్రైమెథోప్రిమ్ 160, ఇది డబుల్ స్ట్రెంగ్త్ మాత్ర. సల్ఫా మొదటి స్టెప్ ఆపితే, ట్రైమెథోప్రిమ్ అదే దారిలో తర్వాతి స్టెప్ ఆపుతది. ఒక రోడ్డుకి రెండు చోట్ల అడ్డం పెట్టడం అన్నమాట. మాత్రలో నిష్పత్తి 5కి 1, రక్తంలోకి వచ్చేసరికి సుమారు 20కి 1 అవుతది. బాక్టీరియాకి అదే గట్టి దెబ్బ.

ఇప్పుడు విషం సంగతికి వద్దాం. చాలా వీడియోల్లో "సైడ్ ఎఫెక్ట్స్" అని ఒక లిస్టు చదివేసి వెళ్లిపోతారు, నాకది నచ్చదు. ప్రతి దెబ్బ వెనకా ఒక కెమిస్ట్రీ ఉంది.

ముందు 1937 విషాదం. అమెరికాలో మాసెంగిల్ అనే కంపెనీ పిల్లలకి తాగడానికి వీలుగా సల్ఫానిలమైడ్‌ని సిరప్ చేద్దామనుకుంది. అది నీళ్లలో సరిగ్గా కరగదు. వాళ్ల కెమిస్టు డైఇథిలీన్ గ్లైకాల్‌లో కరిగించాడు. తియ్యగా ఉంది, రాస్‌బెర్రీ రుచి కలిపారు, రంగు చూశారు, వాసన చూశారు. విషం ఉందా అని మాత్రం చూడలేదు, చూడాలని అప్పటి చట్టంలో లేదు. 105 మంది చనిపోయారు, వాళ్లలో 34 మంది పిల్లలు. కిడ్నీలు పోయి చనిపోయారు. ప్రభుత్వం ఆ సీసాలు పట్టుకోవడానికి దొరికిన కారణం కూడా విడ్డూరం: ఎలిక్సిర్ అని పేరు పెట్టారు, ఎలిక్సిర్ అంటే ఆల్కహాల్ ఉండాలి, ఇందులో లేదు, కాబట్టి తప్పుడు లేబుల్ అని! ఆ దెబ్బకే 1938లో అమెరికాలో కొత్త చట్టం వచ్చింది, మందు అమ్మే ముందు అది సురక్షితమని చూపించాలని.

గమనించారా, అక్కడ చంపింది సల్ఫా కాదు, దాన్ని కరిగించిన ద్రవం. అదే ద్రవం 2025లో మధ్యప్రదేశ్ చింద్వాడాలో దగ్గు సిరప్‌లో దొరికింది, 20 మందికి పైగా పిల్లలు పోయారు. 88 ఏళ్ల తర్వాత కూడా అదే డైఇథిలీన్ గ్లైకాల్. నాకు కోపం వచ్చే విషయం ఇదే, కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు, డ్రమ్ము తెరిచి ఒక టెస్టు చేయాలి, అంతే.

సరే, సల్ఫా సొంత విషానికి వద్దాం. ఒంట్లోకి వెళ్లిన సల్ఫాని కాలేయం రెండు దారుల్లో పంపుతది. మొదటి దారిలో, ఆ అమైనో గుంపు మీద అసిటైల్ అనే టోపీ పెడతది. టోపీ పెట్టుకున్న సల్ఫా నెమ్మదస్తుడే, గొడవ చేయదు. కానీ పాత రకం సల్ఫాల్లో అలా మారింది నీళ్లలో ఇంకా తక్కువ కరుగుతది. మూత్రంలో గడ్డకట్టి సన్నటి స్ఫటికాలై కిడ్నీలో గుచ్చుకుంటది. సల్ఫా ఇచ్చినప్పుడు నీళ్లు బాగా తాగమనేది అందుకే. మే నెలలో మన ఎండల్లో మొక్కల ట్రేలు మోస్తూ నీళ్లు తాగకుండా ఈ మాత్ర వేసుకుంటే ఏమవుతదో మీరే ఆలోచించండి. ఇప్పటి సల్ఫామెథాక్సజోల్ మెరుగే, అయినా నీళ్ల మాట నిజమే.

రెండో దారి అసలు గొడవ. ఇంకో ఎంజైమ్ అదే అమైనో గుంపుకి ఆక్సిజన్ తగిలిస్తది. అప్పుడు పుట్టేది చురుకైన, కోపిష్టి పదార్థం. ఎవరు దొరికితే వాళ్లకి అతుక్కుంటది, మన సొంత ప్రొటీన్లకి కూడా. అలా అతుక్కున్న ప్రొటీన్‌ని మన రోగనిరోధక వ్యవస్థ "ఇదెవడు కొత్తోడు?" అని చూస్తది. ఇంక యుద్ధమే. టోపీ పెట్టే ఎంజైమ్ కొందరిలో పుట్టుకతోనే నెమ్మది, మన దేశంలో అలాంటోళ్లు చాలామందే. వాళ్లలో ఎక్కువ మందు రెండో దారి పడుతది. టీబీకి వాడే ఐసోనియాజిడ్‌కీ ఇదే ఎంజైమ్, ఇదే నెమ్మది.

అంటే అర్థమైందా? సల్ఫా మందులో గొడవ పెట్టేది సల్ఫర్ కాదు. రింగు రెండో చివర ఉన్న ఆ అమైనో గుంపు. అదే మందుగా పనిచేయించేది, అదే ఎలర్జీ తెప్పించేది. ఎడిట్ చేసేటప్పుడు ఈ వాక్యం స్క్రీన్ మీద పెద్దక్షరాల్లో పెట్టమన్నాను.

అందుకే షుగర్‌కి వాడే గ్లైమెపిరైడ్, నీరు తగ్గడానికి వాడే ఫ్యూరోసెమైడ్ లాంటి వాటిలో సల్ఫోనమైడ్ గుంపు ఉన్నా, ఆ అమైనో గుంపు అలా లేదు. సల్ఫా యాంటీబయోటిక్ పడనివాళ్లందరికీ ఇవీ పడవు అనుకోవడానికి కెమిస్ట్రీలో ఆధారం లేదు. అయినా డాక్టర్‌కి చెప్పే వేసుకోవాలి, సొంతంగా మానొద్దు, సొంతంగా మొదలెట్టొద్దు. రివర్స్‌లో, సల్ఫసలజైన్ అని కీళ్లవాతానికి, పేగుపూతకి ఇచ్చే మాత్ర ఉంది, అది లోపల విరిగి నిజం సల్ఫానే ఇస్తది. కాలిన గాయాలకి పూసే తెల్ల క్రీము సిల్వర్ సల్ఫాడయాజీన్ నిజం సల్ఫానే. సల్ఫాసిటమైడ్ కంటి చుక్కలూ అంతే. పూతమందే కదా, చుక్కలే కదా అనుకోకండి.

ఎలర్జీ ఎలా కనిపిస్తది? ఎక్కువమందిలో ఒంటి మీద ఎర్ర దద్దుర్లు, దురద, నూటికి ముగ్గురి దాకా. మందు ఆపితే తగ్గిపోతది. కానీ చాలా అరుదుగా స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోమ్ అని వస్తది. ఇదిక్కడ నెమ్మదిగా చెప్తాను, ఫోన్ పక్కన పెట్టి వినండి. మాత్ర మొదలెట్టిన రోజే రాదు. మామూలుగా ఒకటి నుంచి మూడు వారాల తర్వాత వస్తది, కోర్సు అయిపోయాక కూడా రావచ్చు. ముందు జ్వరం, ఒళ్లు నొప్పులు, గొంతు నొప్పి. ఫ్లూ అనుకుంటారు. తర్వాత కళ్లు మండుతాయి, నోట్లో, పెదాల మీద పుళ్లు. చర్మం దురద కాదు, నొప్పి పెడతది. తర్వాత పొక్కులు, చర్మం పొరలుగా ఊడడం. ముదిరిన రూపంలో నూటికి సుమారు 30 మంది చనిపోతారు. కళ్లకి శాశ్వతంగా దెబ్బ తగలొచ్చు.

మా బంధువుల్లో ఒక పెద్దావిడకి ఇలాగే మొదలైంది. మూత్రంలో మంట అని ఒక మందుల షాపులో చీటీ లేకుండా ఇచ్చిన స్ట్రిప్. పదో రోజు జ్వరం వస్తే అదే షాపులో జ్వరానికి ఇంకో మాత్ర ఇచ్చారు. పెదాలు పగిలేదాకా పాత మాత్ర గురించి ఎవరూ అడగలేదు. కాకినాడ తీసుకెళ్లాక మొదట అడిగిన ప్రశ్నే అది: "పోయిన నెల రోజుల్లో కొత్తగా ఏం మందులు వేసుకున్నారు?" ఆవిడ బయటపడ్డారు, కళ్లు పొడిబారడం మాత్రం అలాగే ఉండిపోయింది. ఇవి డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందులు. ఆ నియమం మందుల డబ్బా మీద అచ్చేసి ఉంటది, కౌంటర్ మీద మాత్రం కనపడదు.

ఇంకొన్ని త్వరగా. అప్పుడే పుట్టిన పిల్లల్లో సల్ఫా ప్రమాదం, రక్తంలో పచ్చకామెర్ల పదార్థాన్ని మోసే ప్రొటీన్ మీద నుంచి దాన్ని తోసేసి తను కూర్చుంటది, తోయబడింది మెదడులోకి పోతది. 1956లో అమెరికాలో నెలలు నిండని పిల్లల మీద జరిగిన ఒక పోలికలో ఇది బయటపడింది, సల్ఫా ఇచ్చిన గుంపులో చావులు ఎక్కువ. జీ సిక్స్ పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లలో ఈ కుటుంబానికి దగ్గర బంధువు డాప్సోన్, కుష్ఠుకి వాడేది, ఎర్రకణాల్ని పగలగొడతది. గర్భిణులకి ఫోలేట్ చాలా అవసరం, కాబట్టి ఫోలేట్ దారి మూసే మందు డాక్టర్ ఆలోచించి ఇవ్వాల్సిందే. బీపీకి కొన్ని రకాల మాత్రలు వాడే పెద్దవాళ్లలో కో-ట్రైమోక్సజోల్ రక్తంలో పొటాషియం పెంచి గుండెకి ముప్పు తేవచ్చు.

ఒకటి మాత్రం వదలను. మెథోట్రెక్సేట్. కీళ్లవాతానికి, సోరియాసిస్‌కి వారానికి ఒక్కసారి వేసుకునే మాత్ర. ఇది కూడా సుబ్బారావు గారి టీమ్ నుంచి వచ్చిందే! ఫోలిక్ యాసిడ్‌ని తయారుచేశాక, దాని ప్రాక్సీల్ని కూడా చేశారు. మొదట అమినోప్టెరిన్, దాంతో 1948లో సిడ్నీ ఫార్బర్ పిల్లల బ్లడ్ కాన్సర్‌లో కొద్దికాలం పాటైనా జబ్బు వెనక్కి తగ్గడం చూపించాడు. తర్వాత మెథోట్రెక్సేట్. సల్ఫా బాక్టీరియా వంటగదిలో దూరితే, ఇది మన వంటగదిలోనే దూరుతది. ఇప్పుడు మెథోట్రెక్సేట్ వాడే మనిషికి మూత్రంలో ఇన్‌ఫెక్షన్ అని ఎవరో కో-ట్రైమోక్సజోల్ ఇచ్చారనుకోండి. రెండూ ఒకే దారి మీద పడతాయి, పైగా మెథోట్రెక్సేట్ ఒంట్లోంచి బయటికి పోకుండా ఇది అడ్డుపడతది. ఎముక మజ్జలో రక్తకణాల తయారీ ఆగిపోవచ్చు. ప్రాణం పోయిన సందర్భాలు ఉన్నాయి. మీ ఇంట్లో అమ్మమ్మ గానీ నాన్నమ్మ గానీ వారానికి ఒకటి వేసుకునే చిన్న పచ్చ మాత్ర ఉంటే, ఇవాళే స్ట్రిప్ తిప్పి పేరు చూడండి.

ఆ కుర్రాడికి ఇంకో పని చెప్పాను, మీకూ చెప్తున్నా. చీటీ మీద "సల్ఫా ఎలర్జీ" అని రెండు మాటలు సరిపోవు. ఫోన్‌లో నోట్స్ ఓపెన్ చేసి రాయండి: మందు పేరు ఏంటి, ఎప్పుడు, ఎన్నో రోజుకి వచ్చింది, దద్దుర్లా, పొక్కులా, నోట్లో పుళ్లా, ఆసుపత్రిలో పడుకోబెట్టారా. పాత స్ట్రిప్ ఉంటే ఫోటో తీయండి. మామూలు దద్దుర్లు వచ్చిన మనిషికి, చర్మం ఊడిన మనిషికి డాక్టర్ ఇచ్చే జవాబులు వేరు. రెండో రకానికి మళ్లీ ఆ మందు జన్మలో ఇవ్వరు.

సుబ్బారావు గారి ల్యాబ్ నుంచే 1947లో హెట్రాజాన్ వచ్చింది, బోదకాలు మందు. గోదావరి జిల్లాల్లో ఏటా ఇంటింటికీ వచ్చి మింగించిన ఆ మాత్ర కథ వచ్చే ఎపిసోడ్. ఉంటానండి.